శరణుజొచ్చిన జీవము – ఇల్లు చేర్చు ధర్మము

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః



దయ అను మాటను మనము నిత్యము పలుకుచున్నాము. ధర్మమునకు మూలము దయయేయని బసవేశ్వరులు బోధించిరి. ఆ బోధ చెవిని పడని వీరశైవ గృహము లేదు. అయినను ఒక ప్రశ్న నన్ను అనేక సంవత్సరములుగా వెంబడించుచున్నది. త్రోవలో గాయపడి పడియున్న మూగజీవిని చూచి మనసు కరగి ఇంటికి తెచ్చుట దయయే. తెచ్చిన పిమ్మట ఏమి చేయవలెను? మన ఇండ్లు చిన్నవి. మఠముల పెరళ్లకును హద్దు కలదు. గాయము మానిన తరువాత ఆ జీవిని మరియొక ఇంటికి అప్పగింపక తప్పదు. ఆ అప్పగింతలో మన దయ ఎంత? మన అలసట ఎంత? బరువు దించుకొనవలెనను తొందర ఎంత? ఈ విషయమునే నేడు మీ సన్నిధిని విన్నవింప దలచితిని. ఇందు నా గొప్ప ఏమియు లేదు. ఉన్నది నా తప్పే.

మొదట మన సంప్రదాయమును స్మరింతము. బసవ శబ్దము వృషభ శబ్దమునుండి పుట్టినది. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దమున ద్విపదలో రచించిన బసవపురాణము బసవేశ్వరులను నందీశ్వరుని అవతారముగా కీర్తించినది. అనగా మన మతాచార్యుని నామమునందే ఒక పశువు నిలిచియున్నది. హావినహాళ కల్లయ్య శునకముచేత వేదము పలికించిన వృత్తాంతము శరణుల కథలలో ప్రసిద్ధము. వధకు కొనిపోవుచున్న జీవము తన్ను శరణుజొచ్చినప్పుడు, దానిని విడువనని కిన్నర బ్రహ్మయ్య పట్టుపట్టిన కథయును మీరెరిగినదే. ఇట్టి కథలను మన పెద్దలు మనకు ఊరక చెప్పలేదు. లింగము ప్రాణమునందున్నదని నమ్మువానికి, ప్రాణమున్న ప్రతి దేహమును గౌరవింపదగినదే.

అయితే ఒక్క సంగతి గమనింపుడు. కథ రక్షణతో ముగియును. మరునాటి ఉదయమున ఆ జీవమునకు మేత ఎవరు వేసిరి, కుడితి ఎవరు పెట్టిరి, పేడ ఎవరు తీసిరి అను సంగతి కథకు అక్కరలేదు. మనకు మాత్రము అక్కడనే అసలు కథ మొదలగును. రక్షణ ఒక గడియ పని. పోషణ ఏండ్ల పని. మొదటిదానికి ఉద్రేకము చాలును. రెండవదానికి కాయకము కావలెను.

ఇది ఒక ఊరి సమస్య కాదు. 2019లో జరిగిన దేశ పశుగణనమున దిక్కులేక తిరుగు ఆవులు, ఎడ్లు సుమారు 50 లక్షలు, వీధికుక్కలు సుమారు 1 కోటి 53 లక్షలు లెక్కకు వచ్చినవి. కారణము వెదుకుటకు దూరము పోనక్కరలేదు. మన చిన్ననాట కోడెదూడ పుట్టినచో ఇంట పండుగ. నాలుగేండ్లకు అది కాడి క్రింద నిలుచును. నేడు దుక్కికి ట్రాక్టరు వచ్చినది. పాలియ్యని కోడెదూడ ఆ ఇంటికి బరువైనది. పెయ్యను ఉంచుకొని కోడెను త్రోవకు విడుచు ఇండ్లు మన ప్రాంతమునను కలవు. మనలో కొందరి ఇండ్లును అందున్నవని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను.

వేములవాడ రాజరాజేశ్వర స్వామివారి కోడె మ్రొక్కు మీకందరికిని తెలిసినదే. కోడెను పట్టుకొని గుడి చుట్టు తిరిగి స్వామికి సమర్పించుట తరతరముల ఆచారము. ఇంటి కోడెనే తెచ్చి సమర్పించు భక్తులును ఉన్నారు. ఆ కోడెలు తిప్పాపురము గోశాలకు చేరును. 2025 సంవత్సరమున వేసవి ముగిసి వానలు మొదలైన దినములలో ఆ గోశాలయందు పలు కోడెలు మరణించిన వార్త విని శైవ హృదయమేది కలత చెందలేదు? స్థలమునకు మించి పశువులు చేరుట, వానకు నేల బురదయగుట కారణములుగా చెప్పబడినవి. పిమ్మట అధికారులు, పట్టా పుస్తకము మున్నగు పత్రములు చూచి, అర్హులైన రైతులకు కోడెలను అప్పగించు ఏర్పాటు చేసిరి. అంతకు పూర్వము 2024లోనే, ఇట్లు ఇచ్చిన కోడెలలో కొన్ని అమ్మకమునకు పోయినవను ఆరోపణలును వినవచ్చినవి. ఉంచుకొన్నచో క్రిక్కిరిసి చచ్చును. ఇచ్చినచో ఏ చేతికి పోవునో తెలియదు. ఈ రెండు భయముల నడుమ నిలిచినవారిని నిందించుట సులభము. నేను నిందింపలేను. ఆ రెండు భయముల నడుమ నేనును ఒకసారి నిలిచితిని. నిలిచి ఓడిపోయితిని.

2013వ సంవత్సరమున జరిగిన సంగతి. మాది జహీరాబాదు ప్రాంతము. మా పాఠశాల పిల్లలు ఒకనాటి ప్రొద్దున చెరకుతోటల బాటలో ఒక కోడెదూడను చూచిరి. దాని మెడలో త్రాడు బిగిసి చర్మము కోసుకొనిపోయి పుండైయున్నది. నలుగురు పిల్లలు దానిని నెట్టుకొనుచు, మోయుచు బడికి తెచ్చిరి. పశువైద్యుడు పుండు కడిగి మందు వేసెను. సమీప మఠము పెరటిలో ఒక కొట్టము చూపిరి. పిల్లలు దానికి సంగన్న అని పేరు పెట్టిరి. మధ్యాహ్న విరామమున ఒకడు గడ్డి తెచ్చును, ఒకతె నీరు పోయును. మూడు నెలలకు సంగన్న పుండు మానినది. వెంట్రుక నునుపెక్కినది. పిల్లల గొంతు విన్నంతనే చెవులు నిక్కించి ‘అంబా’ యని పలుకునట్లైనది.

వేసవి సెలవులు సమీపించినవి. మఠమున మేతకు కరవైనది. దూడను ఎవరికైనను ఇచ్చివేయుడని పెద్దలు సూచించిరి. పొరుగూరిలో ఒక కలిగిన గృహస్థుడు ముందుకు వచ్చెను. త్రికాల లింగపూజ చేయు కుటుంబము. మఠమునకు ధారాళముగా కానుకలిచ్చు ఇల్లు. ఇంతకన్న మేలైన ఇల్లేదియని నేను పొంగిపోయితిని. సంగన్నకు పూలదండ వేసితిమి. పిల్లలు వెంట నడువ, మేళముతో అప్పగించితిమి. చిత్రపటము తీయించితిమి. ఆ సభలో నేను దయను గూర్చి అరగంట ఉపన్యసించితిని.

ఒక్క ప్రశ్నయు అడుగలేదు. పగటివేళ ఆ ఇంట ఎవరుందురు? వేరే పశువులున్నవా? కొట్టమున్నదా? ఎండకాలమున నీరెక్కడినుండి వచ్చును? కోడె ఎదిగి కొమ్ము విసరినప్పుడు పట్టువారెవరు? లింగపూజ చేయు ఇంటిని ఇట్లు ప్రశ్నించుట అమర్యాద యని తలచితిని.

నాలుగు నెలల పిమ్మట ఆ ఊరికి పనిమీద పోయి వారి గుమ్మము త్రొక్కితిని. కొట్టము లేదు. సంగన్న లేడు. గృహస్థుడు కొంచెము తడబడి పలికెను. “ఏం జేయాలె సారూ! పొలం కౌలుకిస్తిమి. ఇంట్ల మనుషులు లేకపాయె. సంతకు తోలిచ్చినం. మీరు మాకే ఇస్తిరి గద?” అతని మాటలో ద్వేషము లేదు. నేరము చేసితినను భావమును లేదు. తన వస్తువును తాను అమ్ముకొనెను. ఆ సంతకు పోయి విచారించితిని. రెండు చేతులు మారెనని చెప్పిరి. అంతకు మించి ఆచూకి దొరకలేదు.

అంతకన్న కష్టమైనది బడికి తిరిగి వచ్చుట. దూడను మోసుకొని వచ్చిన పిల్లలలో ఒకతె వరండాలోనే ఎదురై, “సారూ, సంగన్న ఎట్లున్నడు?” అని అడిగెను. “బాగున్నడమ్మా, పెద్దగైనడు” అంటిని.

భక్తులారా! అసత్యమాడరాదను శరణుల ఆచారమును పాతికేండ్లు బోధించిన నోరది. ఆ రాత్రి లింగమును కరపీఠమున ఉంచుకొని కూర్చుంటిని. మంత్రము వచ్చుచున్నది, మనసు రాలేదు. దూడను అమ్మినవాడు ఆ గృహస్థుడు. అమ్మువాని చేతికి, చూడక అడుగక, మేళతాళములతో ఇచ్చినవాడను నేను. దండ వేసినది సంగన్న మెడలోనా, నా మెడలోనా?

మూడు దినముల తరువాత తరగతిలో పాఠము ఆపి పిల్లలకు సత్యము చెప్పితిని. కొందరు ఏడ్చిరి. వెనుక వరుసలో ఒక పిల్లవాడు లేచి, “మనం ముందే పొయ్యి ఇల్లు సూసి ఇయ్యాల్సుండె గద సార్” అనెను. వాని కంఠమున కోపము లేదు. అందుచేతనే ఆ మాట ఇంకను నా చెవిలో నిలిచియున్నది. శాస్త్రము చదివిన నాకు తట్టనిది, పండ్రెండేండ్ల బాలునకు తట్టినది.

నాటినుండి మేము కొన్ని నియమములు పెట్టుకొంటిమి. అందు మొదటిది, ఇచ్చుటకు ముందు ఇల్లు చూచుట. రెండవది, ఆ ఇంట పోషించు చేయి ఎవరిదో తెలిసికొనుట. యజమాని ‘సరే’ అన్నంత మాత్రమున చాలదు. చీపురు పట్టి కొట్టమూడ్చు ఇల్లాలును, పాలేరును సమ్మతింపవలెను. మూడవది, ఇచ్చిన పిమ్మట పోయి చూచుట. వారమునకొకసారి, నెలకొకసారి, తరువాత పండుగకు పబ్బమునకు. నాల్గవది అన్నిటికన్న ముఖ్యమైనది. “మీకు కుదరనినాడు అమ్మవద్దు, విడువవద్దు, మాకే తిరిగి తెచ్చి ఇండు. ఏ వేళనైనను తలుపు తెరచియుండును. కారణము చెప్పనక్కరలేదు, సిగ్గుపడనక్కరలేదు” అని మాట ఇచ్చుట.

పశుపోషణమున తెలియక చేయు అపకారములును కలవు. భక్తితో కొందరు గోశాలకు పోయి అన్నము, పిండి, బెల్లము బుట్టలతో పెట్టుదురు. గడ్డి నమలుటకు ఏర్పడిన ఉదరమది. అట్టి ఆహారము ఒక్కసారిగా ఎక్కువైనచో కడుపులో పులుపు పెరిగి పశువు ప్రాణముమీదికి వచ్చును. త్రోవలోని పశువులు తిన్న ప్లాస్టిక్ సంచులు కడుపున ముద్దకట్టి, శస్త్రచికిత్సచేత గాని వెలువడవు. క్రొత్తగా వచ్చిన పశువును రెండు మూడు వారములు ఇంటి పశువులకు దూరముగా కట్టి, గాలికుంటు టీకా వేయించి, పిమ్మట కలుపవలెను. మేతను ఒక్కదినమున మార్చరాదు. ఇవి పశువైద్యుని మాటలు. వానిని పాటించుటయు పూజలో భాగమేయని నేను తలచుచున్నాను.

ఇక రెండవ వృత్తాంతము. 2016లో మా బడి గోడ ప్రక్క ఒక ఆడకుక్కను మోటారు సైకిలు గుద్దిపోయెను. ముందరి కాలు విరిగినది. చికిత్స చేయించితిమి. కాలు అతికినది గాని కుంటు మిగిలినది. పిల్లలు మల్లి అని పిలిచిరి. పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్సయు, పిచ్చికుక్క రోగము రాకుండ టీకాయు వేయించిన పిదపనే ఇల్లు వెదుకుట ప్రారంభించితిమి. ఆరోగ్యముగా తిరుగు వీధికుక్కను పట్టి వేరొక ఊరిలో విడుచుట మేలు కాదు. ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెననునది 2023 నాటి కేంద్ర నియమములలోను సామాన్య సూత్రము. బడులు, ఆసుపత్రులు మున్నగు స్థలముల విషయమున 2025లో సర్వోన్నత న్యాయస్థానము వేరుగ ఆదేశించినది. కాని కుంటికుక్క వీధిలో బ్రతుకజాలదు. దానికి ఇల్లు కావలెను.

మొదట ఒక దుకాణదారుడు కొనిపోయెను. పగలెల్ల గొలుసుతో కట్టిరి. రాత్రియెల్ల మొరిగినది. ఎనిమిదవనాడు తిరిగి తెచ్చెను. నియమము ప్రకారము, మారుమాటాడక పుచ్చుకొంటిమి. రెండవమారు ఒక విశ్రాంత ఉద్యోగి ఇంటికి పోయినది. మూడు దినములు మంచము క్రింద దూరి తిండి ముట్టలేదు. మనుమడు తోక పట్టి లాగగా గుర్రుమన్నది. వారును తెచ్చి ఇచ్చిరి. “ఇది ఎవరికీ అచ్చిరాదు” అని ఊరిలో మాట పుట్టినది. తిరిగి వచ్చిన జీవమునకు ఇట్టి అపవాదు తప్పదు. తప్పు ఇంటిదా, కుక్కదా అని తీర్పు చెప్పుట మన వాడుక. పలుమారు తప్పు ఎవరిదియు కాదు. జత కుదరలేదు, అంతే. మూడు దినములు భయము, మూడు వారములు ఇంటి అలవాటు నేర్చుట, మూడు నెలలకు నమ్మకము అని జంతు సంరక్షకులు ఒక లెక్క చెప్పుదురు. మేమది ముందే ఆ ఇండ్లవారికి చెప్పియుండవలసినది.

అప్పుడు బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్ముకొను ఒక వృద్ధురాలు తానై మా యింటికి వచ్చెను. భర్త పోయినవాడు. ఒంటరి బ్రతుకు. మా ప్రశ్నలు మొదలుకాక మునుపే ఆమె ప్రశ్న వేసెను. “అయ్యా, గది దేనికి భయపడ్తది?” ఇంతవరకు మమ్ము ఎవరును అడుగని ప్రశ్న అది. అందరును, కాపలా కాయునా, కరచునా అని అడిగిరి. చీపురు ఎత్తినచో బెదరును, మోటారు సైకిలు చప్పుడుకు వణకునని చెప్పితిమి. ఆమె తల ఊపెను. “భయపడ్డదాన్ని పిలువద్దు అయ్యా. మన పని మనం జేసుకుంట కూసోవాలె. అదే వస్తది.”

మా సమాజమున కొందరు పెద్దలు ఆక్షేపించిరి. “మఠపు కొట్టమున పెరిగినదానిని లింగధారిణి కాని యింటికి ఇత్తురా?” అనిరి. వినయముగనే బదులు చెప్పితిని. “మొదటిసారి మెడలోని లింగమును చూచి ఇచ్చితిమి, సంగన్నను పోగొట్టుకొంటిమి. ఈసారి చేతిలోని కాయకమును చూచి ఇత్తము.” కులమును బట్టి మనుష్యుని కొలువవలదని బోధించిన బసవేశ్వరుల అనుయాయులము మనము. అనుభవ మంటపమున చెప్పులు కుట్టువారును, పడవ నడుపువారును సరిసమానముగా కూర్చుండిరని గర్వముగ చెప్పుకొందుము. ఒక కుంటికుక్కను ఇచ్చుటకు రొట్టెలమ్ము తల్లి యోగ్యతను శంకించినచో, ఆ గర్వమునకు అర్థమేమి?

మల్లి నెల దినములు పొయ్యి వెనుక మూలనుండి కదలలేదట. ఆ తల్లి దానివైపు చూడనైన చూడక, ప్రతిదినము ఒక రొట్టెముక్క అక్కడ పెట్టి తన పనిలో తానుండెను. ఒకనాడు రొట్టె తట్టుచుండగా మల్లి వచ్చి ఆమె మోకాలిపై తల మోపెను. ఈ మాట చెప్పుచు ఆమె కన్నీరు తుడుచుకొనెను. ఏడేండ్లు ఆ ఇద్దరును ఒకరికొకరు తోడుగా బ్రతికిరి. 2023లో ఆమె లోకమును వీడెను. చివరి దినములలో కబురంపి, “సారూ, మాటిస్తిరి గద, మీ తలుపు తెరిచే ఉంటదని” అనెను. మల్లి మూడవమారు తిరిగి వచ్చినది. నేడు వృద్ధాప్యమున మా ఇంటి అరుగుపై పండుకొనుచున్నది. జొన్నరొట్టె వాసన వచ్చినచో ఇప్పటికిని తలయెత్తి వీధివైపు చూచును.

రెండుమారులు తిరిగి వచ్చినప్పుడు ఓటమియని తలచితిమి. మూడవమారు వచ్చినప్పుడు నాకు తెలిసినది. తిరిగి వచ్చుటకు ఒక గడప ఉండుటయే ఆ జీవమునకు రక్ష. సంగన్నకు లేనిది అదియే.

భక్తులారా! దాసోహమనగా పెట్టుట మాత్రమే కాదు. నాది అను అహంకారమును విడుచుట. మూగజీవిని ఇంటికి తెచ్చునప్పుడు ‘నేను రక్షించితిని’ అను అహంకారము పుట్టును. ఇచ్చునప్పుడు ‘నేను దానము చేసితిని’ అని అది పెరుగును. ఇచ్చినది చెడినప్పుడు ‘వాడు చెడ్డవాడు’ అని నిందగా మారును. తిరిగి వచ్చినప్పుడు అవమానముగా తోచును. ఈ నాలుగింటిని దాటినవాని దయయే శివునకు అర్పితమగును. మరియొకటి. ప్రేమతో పెంచినదానిని మంచి ఇంటికి పంపునప్పుడు గుండె కోతపడును. బిడ్డను అత్తవారింటికి పంపు తల్లికి అది తెలియును. ఆ కోతకు వెరచి, శక్తికి మించి ఇంట ఉంచుకొనుటయు దయ కాదు. పది ప్రాణులకు చోటున్న తావున ముప్పదింటిని కట్టినచో అన్నియు కృశించును. ఉంచుకొనుటకు ఒక హద్దు, ఇచ్చుటకు ఒక విచారణ, ఇచ్చిన పిమ్మట ఒక బాధ్యత. ఈ మూడును కలిసినదే ధర్మము.

నా విన్నపమిది. ప్రతి మఠము తన పెరటిలో ఎన్ని పశువులకు మేత, నీరు, నీడ కలవో లెక్క చూచుకొనవలెను. కోడెను సమర్పింప దలచిన గృహస్థుడు, అది ఎక్కడ పండుకొనునో, ఏమి తినునో ముందుగా అడిగి తెలిసికొనవలెను. ఇంట కోడెదూడ పుట్టినచో దానిని త్రోవపాలు చేయక, పోషించు రైతును తానే వెదకి అప్పగింపవలెను. మూగజీవిని కోరి వచ్చినవానిని ప్రశ్నించుట అమర్యాద కాదు. కన్యనిచ్చునప్పుడు వరుని ఇల్లు చూడమా?

వచ్చు శ్రావణమున నేను చెప్పిన ఆ నలుగురు పిల్లలలో ఇద్దరు మా మఠమునకు వచ్చుచున్నారు. ఒకడు పశువైద్య విద్య ముగించెను. వెనుక వరుసలో లేచి నాకు బుద్ధి చెప్పిన బాలుడే అతడు. ఆ దినమున కొట్టములోని మూడు దూడలకు ఇండ్లు చూడ బోవుచున్నాము. ముందుగా అతడే పోయి ఆ ఇండ్లను చూచివచ్చును. మేళము లేదు, దండలు లేవు. వెంట రాదలచినవారు రండు.

సర్వజీవులయందు వెలుగొందు ఆ పరశివుడు మన చేతులకు దయను, మన దయకు మెలకువను ప్రసాదించుగాక!

శరణు శరణార్థి.